అడగకుండా తీసేసిన పౌరసత్వం

లండన్‌లోనో మెల్‌బోర్న్‌లోనో స్థిరపడిన దక్షిణాఫ్రికా మనిషి పాస్‌పోర్టు రెన్యువల్‌కి తమ దేశ రాయబార కార్యాలయానికి వెళ్తాడు. నువ్విప్పుడు మా పౌరుడివి కాదంటారు. వేరే దేశం పౌరసత్వం తీసుకునే ముందు హోంశాఖ అనుమతి అడగకపోవడమే అతను చేసిన నేరం. నోటీసు లేదు, విచారణ లేదు. 1995 నాటి పౌరసత్వ చట్టంలోని ఒక్క సెక్షన్‌తో ఎందరో తమకు తెలియకుండానే సొంత దేశానికి పరాయివాళ్లయిపోయారు.

2025 మే 6న జొహానెస్‌బర్గ్‌లోని రాజ్యాంగ న్యాయస్థానం ఆ సెక్షన్‌ని కొట్టేసింది. 1995 అక్టోబరు 6 నుంచి దాని కింద పౌరసత్వం పోయినవాళ్లకి అసలు పోనట్టేనని తేల్చింది. ఆలస్యమైనా న్యాయమే జరిగింది.

'నువ్వు మావాడివి కావు' అన్న మాట ఆ గడ్డకి కొత్త కాదు. 1860లో మద్రాసు నుంచి 'ట్రురో' ఓడ నేటాల్ చెరకు తోటలకి కూలీలను తీసుకెళ్లింది. తర్వాత అదే దారిన వెళ్లినవాళ్లలో మన తెలుగువాళ్లూ ఉన్నారు. వాళ్ల పిల్లలు, మనవలు అక్కడే పుట్టి పెరిగినా 1961 దాకా భారతీయులను శాశ్వత ప్రజలుగా ప్రభుత్వం ఒప్పుకోలేదు. నల్లవాళ్ల పరిస్థితి మరీ ఘోరం. 1970 చట్టంతో వాళ్లను 'హోంల్యాండ్'ల పౌరులుగా రాసేశారు. 1976లో ట్రాన్స్‌కై, తర్వాత మరో మూడు ప్రాంతాలు స్వతంత్రమయ్యాయని ప్రకటించి, వాటి లెక్కలో వేసిన లక్షల మందికి దక్షిణాఫ్రికా పౌరసత్వమే లేకుండా చేశారు. అందుకే ఏ పౌరుడి పౌరసత్వాన్నీ లాగేసుకోకూడదని 1996 రాజ్యాంగంలో రాసుకున్నారు.

వేరే జెండాకి ప్రమాణం చేసినవాడికి ఇక్కడేం పని అనేవాళ్లు ఉంటారు. నిజంగా వద్దనుకున్నవాడు తనే రాసిచ్చి వదులుకునే దారి అక్కడి చట్టంలో ఉంది. అడిగి తీసుకోవడం వేరు, చెప్పకుండా తీసేయడం వేరు. యానాం పెద్దలకి ఈ తేడా తెలుసు. 1962 ఆగస్టులో విలీన ఒప్పందం అమల్లోకి వచ్చినప్పుడు, ఫ్రెంచి పౌరులుగానే ఉండదలచినవాళ్లు ఆరు నెలల్లోగా ఆ మాట రాసివ్వొచ్చన్నారు. నిర్ణయం మనిషి చేతిలో పెట్టారు.

కోర్టు తీర్పిస్తే సరిపోదు. తెలియకుండా పోయిన హక్కు తిరిగొచ్చిందన్న కబురు కూడా ఆ మనుషులకి చేరాలి. చేర్చాల్సిన బాధ్యత అక్కడి హోంశాఖదే.

పిల్లలను విదేశాలకి పంపిన మన ఇళ్లకీ ఇందులో పాఠం ఉంది. మన చట్టం రెండు పౌరసత్వాలు ఒప్పుకోదు. వేరే దేశం పౌరసత్వం తీసుకుంటే ఇక్కడిది పోతుంది. ఓసీఐ కార్డుతో రాకపోకలు సాగుతాయి గానీ ఓటు ఉండదు, సాగుభూమి కొనే వీలుండదు. ఈ సంగతులు సంతకం పెట్టాక కాదు, పెట్టకముందే తెలుసుకోవాలి.