మట్టి అన్నిటినీ అరిగించుకోగలదా?

"ఎంత మందు కొడితే ఏం? మట్టిలో బాక్టీరియా ఉన్నాయిగా, అవే తినేస్తాయి" అని చదువుకున్నవాళ్లు కూడా అంటుంటారు. ఈ మాటలో సగమే నిజం. రెండో సగం తెలుసుకోవడం జహీరాబాద్ చుట్టుపక్కల చేలకు చాలా అవసరం.

ముందు నిజమైన సగం చూద్దాం. కంది కట్టె అంత గట్టిగా ఎందుకుంటుందో ఎప్పుడైనా ఆలోచించారా? అందులో లిగ్నిన్ అనే పదార్థం ఉంది. ఆరు కర్బన పరమాణువులు చెయ్యీ చెయ్యీ పట్టుకుని గుండ్రంగా నిలబడితే బెంజీన్ వలయం. లిగ్నిన్ నిండా ఇలాంటి వలయాలే. వలయాలున్న ఈ పదార్థాలను ఆరోమాటిక్ పదార్థాలంటారు. వాటిని విడగొట్టడం తేలిక కాదు. కట్టెను ముందు శిలీంధ్రాలు ముక్కలు చేస్తాయి. ఆ ముక్కలు సూడోమోనాస్ వంటి బాక్టీరియాకు ఆహారం. ఆహారం తగలగానే, అంతవరకు నిద్రపోతున్న కొన్ని జన్యువులు మేల్కొని ఎంజైములను తయారుచేయిస్తాయి. కొన్ని ఎంజైములు వలయాన్ని కాటెకాల్ వంటి రూపానికి తెస్తాయి. మరొకటి గాలిలోని ఆక్సిజన్ పరమాణువులు రెంటిని జొనిపి వలయాన్ని తెంపేస్తుంది. ఇలాంటి చర్యల్లో చేరే ఆక్సిజన్ నీటినుంచే వస్తుందని ఒకప్పుడు నమ్మేవారు. గాలినుంచి నేరుగా వస్తుందని 1955లో జపాన్ శాస్త్రజ్ఞుడు ఒసాము హయాయిషి నిరూపించాడు. తెగిన గొలుసు చివరకు బాక్టీరియా శ్వాసక్రియలో కలిసిపోతుంది.

ఇక పురుగుమందు సంగతి. మిథైల్ పారాథియాన్‌ను మన దేశంలో 2018లో నిషేధించారు. అంతకుముందు పత్తిచేలల్లో తెగ వాడారు. ఈ జాతి మందులను విరగ్గొట్టే బాక్టీరియాను అనంతపురం జిల్లా పొలాల మట్టిలోనే దయానంద సిద్ధవట్టం, ఆయన సహచరులు 1990లలో గుర్తించారు. ఆ ఎంజైముకు మూలమైన జన్యువు పేరు ఓపీడీ. అది ప్లాస్మిడ్ అనే చిన్న డి.ఎన్.ఏ. ఉంగరం మీద ఉంటుంది. ఫిలిప్పీన్స్ వరిమడిలో దొరికిన ఒక బాక్టీరియాలోనూ, అమెరికాలో దొరికిన వేరే జాతి బాక్టీరియాలోనూ ఇదే జన్యువు కనిపించింది. జన్యువులు కూడా ఇళ్లు మారతాయన్నమాట!

అయితే ఆ ఎంజైము వేసేది ఒక్క కోతే. విషం చాలా తగ్గుతుంది, నిజమే. కాని పసుపుపచ్చని నైట్రోఫినాల్ మిగులుతుంది. అదీ విషమే, దానిలోని బెంజీన్ వలయం చెక్కుచెదరదు. దాన్ని తెంపడానికి వేరే జన్యువులు, చాలాసార్లు వేరే బాక్టీరియా కావాలి. అవి లేనిచోట పని సగంలో ఆగుతుంది. తడి లేకపోయినా అంతే, గాలి ఆడకపోయినా అంతే.

ఇన్ని పనివాళ్లను సాకాలంటే మట్టికి ఏటా మేత వెయ్యాలి. జహీరాబాద్ దగ్గరి పస్తాపూర్‌లో 1983లో మొదలైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలవారు జొన్న, కంది, కొర్ర కలిపి వేసి, పశువుల ఎరువుతో, పురుగుమందు లేకుండా పండిస్తున్నారు. 2019లో వారికి ఈక్వేటర్ బహుమతి వచ్చింది. అక్కడి బాక్టీరియాకు మందుతో పనిలేదు, తిండికి లోటూ లేదు. చెరకు కొట్టాక ఆకుకు నిప్పు పెట్టిన చేనులో మాత్రం వాటి తిండి పొగై పోతుంది.

రైతు తెలియక తగలబెట్టడు. ఆకు ఏరించాలంటే కూలి, తర్వాతి పంటకు తొందర. ఆకును తరిగి చేనులోనే పరిచే యంత్రాలున్నాయి. చిన్న రైతు కొనలేడు. చెరకు పండే ప్రతి మండలంలోనూ అలాంటివి కొన్ని ప్రభుత్వమే కొని అద్దెకివ్వాలని నేనంటాను. మీ ఊరి చెరకు రైతును అడిగి చూడండి, అద్దె ఎంతైతే ఆయన అగ్గిపెట్టె జేబులోనే ఉంచుకుంటాడో.