కెమెరా చూపించని పతనం

ఫ్రాన్స్‌లో గ్రెనోబుల్ దగ్గర మంచుకొండల్లో ఉన్న ఇంటి పై అంతస్తు నుంచి పడి సామ్యూల్ చనిపోతాడు. ఆ సమయానికి ఇంట్లో ఉన్నది భార్య సాండ్రా ఒక్కతే. ఆమె తోసిందా, అతనే దూకాడా? జస్టీన్ త్రియే తీసిన ‘అనాటమీ ఆఫ్ ఎ ఫాల్’ (2023) రెండున్నర గంటలు నడిచినా దీనికి జవాబు చెప్పదు. కాన్‌లో పామ్ డోర్, ఆ తర్వాత స్క్రీన్‌ప్లేకు ఆస్కార్ అందుకున్న ఈ చిత్రాన్ని అపరాధ పరిశోధన కథగా చూస్తూ ఆధారాలు ఏరడం వృథా ప్రయాస. పాత్ర దోషో కాదో నటి సాండ్రా హ్యూలర్‌కు కూడా దర్శకురాలు చెప్పలేదు.

కోర్టు విచారించేది చావునే అయినా బోనెక్కేది కాపురం. భార్య జర్మన్, భర్త ఫ్రెంచివాడు, ఇంట్లో మాట్లాడుకునేది ఇంగ్లిష్. ఇద్దరూ రచయితలే, పేరు మాత్రం ఆమెకే వచ్చింది. కొడుకు డేనియల్ చూపు దెబ్బతీసిన ప్రమాదానికి తానే కారణమన్న బాధ సామ్యూల్‌ను వదల్లేదు. ఆమె పరాయి సంబంధం, అతని ఆలోచనను తన నవలకు వాడుకోవడం, అన్నీ ప్రాసిక్యూటర్ చేతిలో హత్యకు కారణాలైపోతాయి. చేతి మీద కమిలిన మచ్చకు వంటింటి గట్టు తగిలిందని ముందు చెప్పి, తర్వాత ఆమె మాట మారుస్తుంది. అబద్ధమాడిందని తేలింది, హత్య చేసిందని కాదు. ఈ తేడాను చివరిదాకా పట్టుకుని ఉండటం ప్రేక్షకుడికి కష్టమే.

చిత్రానికి ప్రాణం లాంటిది, చావుకు ముందురోజు సామ్యూల్ రహస్యంగా రికార్డు చేసిన గొడవ. కోర్టులో అది వినిపిస్తుండగా తెరమీద వంటిల్లు కనిపిస్తుంది. రాసుకోవడానికి తనకు సమయం మిగలడం లేదన్న సామ్యూల్ ఫిర్యాదుతో మొదలై మాటామాటా పెరుగుతుంది. సరిగ్గా చెయ్యి చేసుకునే చోట వంటిల్లు మాయమై కోర్టు హాలు వచ్చేస్తుంది. దెబ్బల చప్పుడు వినిపిస్తుంది, ఎవరు ఎవరిని కొట్టారో కనిపించదు. ఏళ్ల తరబడి సాగిన కాపురాన్ని ఒక్క గొడవతో తూచడం అన్యాయమని సాండ్రా చేసే వాదనకు ఇంతకంటే బలమైన దృశ్యరూపం ఉండదు.

డేనియల్ సాక్ష్యంలో ఈ పద్ధతి తిరగబడుతుంది. జబ్బుపడ్డ కుక్కను డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తూ కారులో తండ్రి అన్న మాటలను అతను చెబుతుంటే, తెరమీద తండ్రి పెదవులు కదులుతాయి, వినిపించే గొంతు మాత్రం కొడుకుది. అది జ్ఞాపకమో కల్పనో తేల్చే దారి లేదు. ఏది నిజమో తెలియనప్పుడు ఏది నమ్మాలో నిర్ణయించుకోక తప్పదని, కోర్టు అతనికి తోడుగా పెట్టిన మార్జ్ అంతకుముందే చెబుతుంది. అతను తల్లిని ఎంచుకున్నాడు.

సాండ్రా నిర్దోషిగా బయటపడుతుంది. నేరం రుజువు కాలేదనే దానికి అర్థం. ఆ రాత్రి, నువ్వు ఇంటికొస్తావంటే భయమేసిందని కొడుకు అంటాడు. తనకూ రావడానికి భయమేసిందని తల్లి అంటుంది. ఆమె నేరం చేసిందనేవారూ, చేయలేదనేవారూ ఈ రెండు మాటలనూ తమకే సాక్ష్యంగా తీసుకోవచ్చు.