పసిడి జుట్టు – పొదుపు లెక్క

మా యింట్లో యిన్నాళ్లూ జుట్టు నల్లగా ఉంచుకోవడమే పెద్ద పని. కొబ్బరినూనె, కుంకుడుకాయ, వయసు మళ్లినవారికి మైదాకు – అంతటితో సరి. అటువంటి యింటికి కిందటి దసరా సెలవులలో మా ఆడపడుచు కూతురు బంగారు రంగు జుట్టు వేసుకొని వచ్చింది. పిల్ల నిజామాబాదులో చదువుకొంటున్నది. ఉమ్రి స్టేషనులో రైలు దిగి ఎదురుగా నడిచి వస్తూంటే మేము గుర్తుపట్టలేదంటే నమ్మండి.

మా అత్తగారు గుమ్మంలోనే నిలబెట్టి, ఒక పాయ చేత్తో పట్టి చూశారు. "ఏమైందే బిడ్డా, తిండి తింటలేవా? జుట్టంత గిట్లెట్ల ఎర్రగయింది?" అన్నారు. పిల్ల నవ్వింది. మేమూ నవ్వాము.

నవ్వాముగాని, ఆవిడ మాట ఉత్త చాదస్తం కాదు. మాంసకృత్తులు చాలని పసిపిల్లలకు క్వాషియార్కర్ అనే జబ్బు వస్తుంది. ఒళ్లు నీరు పట్టి, జుట్టు రంగు వెలిసి ఎర్రబారుతుంది. కొంచెం లాగితే చేతికి ఊడి వస్తుంది. కొన్నాళ్లు తిండి దొరికి, కొన్నాళ్లు దొరకకపోతే ఒకే వెంట్రుక మీద నలుపు ఒక పట్టీ, ఎరుపు ఒక పట్టీ కనిపిస్తాయి. వైద్యులు దీనిని జెండా గుర్తు అంటారు. 1918లో కూనూరులో మొదలై, 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అని పేరు పెట్టుకొన్న పరిశోధనాలయం యిటువంటి లోపాలనే పరిశీలిస్తూ వచ్చింది. కరువు చూసినవారి కంటికి ఎర్రజుట్టు అంటే ఆకలి. వారికి షోకు అని నచ్చచెప్పడం కష్టమే.

రాత్రి భోజనాలయ్యాక పిల్ల సంచిలోంచి ఒక పొడి పొట్లం, ఒక సీసా తీసింది. కుదుళ్ల దగ్గర నలుపు తొంగి చూస్తున్నదట, పార్లరుకు పోవడానికి డబ్బు లేదట, అద్దం ముందు కూర్చొని తానే వేసుకొంటుందట. సీసా మీద 40 వాల్యూము అని ఉన్నది. మేము చెయ్యి పట్టుకొన్నాము.

ఎందుకంటారా? ఆ సీసాలో ఉన్నది హైడ్రోజన్ పెరాక్సైడు. 20 వాల్యూము అంటే నూటికి 6 పాళ్లు, 40 అంటే 12 పాళ్లు. వెంట్రుక పైన చేపపొలుసుల వంటి పొర ఉంటుంది. పొడిలోని క్షారం దానిని తెరుస్తుంది, పెరాక్సైడు లోపలికి పోయి నల్లని వర్ణకాన్ని విరగ్గొడుతుంది. మన నలుపు ఒక్కసారిగా బంగారం కాదు. ముందు ఎరుపు, తరువాత నారింజ, ఆ తరువాతనే పసుపు. అంతదాకా పోయేసరికి వెంట్రుకలో బలం సగం పోతుంది. కుదుళ్ల దగ్గర అంత ఘాటైన మందు వేస్తే తలచర్మం కాలుతుంది. అదిగాక మైదాకు పొట్లాలు కొన్నింటిలో రంగు ముదరడానికి లోహపు లవణాలు కలుపుతారు. అటువంటిది పెట్టిన జుట్టుకు యీ మందు తగిలితే వేడెక్కి, వెంట్రుక జిగురై తెగుతుంది. కిందటి వేసవిలో పిల్ల యిక్కడ కొట్లో కొన్న మైదాకే పెట్టుకొన్నది.

దువ్వెనకు చిక్కిన వెంట్రుకలు నాలుగు తీసి, పింగాణీ కప్పులో మందు కలిపి వేసి చూపించాము. అరగంటకు కప్పు గోరువెచ్చనైంది. వెంట్రుక పట్టి లాగితే సేమియాలాగా సాగింది. పిల్ల మారు మాట్లాడకుండా పొట్లం మూసివేసింది.

తరువాత కాగితం, పెన్సిలు తీసుకొని లెక్క వేశాము. జుట్టు నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. కాబట్టి కుదుళ్లదాకా బంగారం కావాలంటే ప్రతి ఐదారు వారాలకు ఒక ఖర్చు, చచ్చినా తప్పదు. మొదటిసారి అయ్యే ఖర్చు ఖర్చే కాదు, అది అప్పుకు అసలు వంటిది. వెనక వచ్చేదే వడ్డీ. మరి యిప్పటిదాకా యీ వడ్డీ ఎక్కడనుంచి తెచ్చావమ్మా అని అడిగాము. చాలాసేపటికి చెప్పింది. మెస్సులో రాత్రి భోజనం మాన్పించుకొన్నదట, మూడు నెలలుగా. బిస్కట్లు తిని పడుకొంటున్నదట.

పక్క మంచం మీద మా అత్తగారు నిద్రపోయారనుకొన్నాము. "నేను పొద్దుగాలనే అన్న," అన్నారు చీకట్లోనుంచి.

జుట్టంతా నల్లరంగు వేయించుకొమ్మని మేము చెప్పలేదు. పద్దెనిమిదేళ్ల పిల్లకు ఆ మాట ఎక్కదు, పైగా నల్లరంగులోనూ చిక్కున్నది. పది నిముషాలలో నలుపు తెచ్చే చవక పొట్లాలలో పారాఫెనిలీన్ డయమీన్ అనే రసాయనం ఉంటుంది. పడనివారికి ముఖం, కళ్లు వాచిపోతాయి. మోచేతి మడతలో రవ్వంత రాసి రెండు రోజులు చూడనిదే తలకు తాకించరాదు. అది కడుపులోకి పోతే ప్రాణాపాయం కూడాను. పిల్లలున్న యింట్లో తాళం వేయవలసిన వస్తువు.

మేము చెప్పినది వేరు. కుదుళ్లను వాటి మానాన పెరగనీయడం. పై నుంచి నలుపు దిగుతుంది, కొసలు బంగారంగానే ఉంటాయి. యీ రోజులలో పార్లర్లలో డబ్బు పోసి యిట్లాగే చేయించుకొనేవారున్నారట. మనకు ఊరికే వస్తున్నది. యిక ఉన్న బంగారం వెలవెలబోకుండా చూసుకోవడమే మిగిలిన పని. దానికి ఖర్చు తక్కువ.

నాలుగు వారాలకు ఆ రంగు యిత్తడి పసుపుకు తిరుగుతుంది. దానికి ఊదా షాంపూ అని అమ్ముతారు. ఖరీదైనదే, కాని వారానికొకసారి రూపాయి బిళ్లంత తీసి మామూలు షాంపూలో కలిపి, రెండు నిముషాలుంచి కడిగితే చాలు; ఒక సీసా నెలల తరబడి వస్తుంది. పసుపుకు ఊదా ఎదురు రంగు, ఒకదానినొకటి అణచివేస్తాయి. మేము యిదంతా వివరిస్తూంటే మా అత్తగారు, "గంతేనా? తెల్ల ధోవతులు పసుపెక్కితె నీలిమందు పెడ్తలేమా," అని తేల్చివేశారు. మేము యింతసేపు చెప్పినది ఆవిడ ఒక్క మాటలో చెప్పారు. అయితే సోదరీమణులు ఆ నీలిమందునే తలకు పెట్టుకొనేరు, అది బట్టలకే!

మందు తిన్న వెంట్రుక తడిగా ఉన్నప్పుడు మరీ బలహీనం. ఆరినాకనే వెడల్పు పళ్ల దువ్వెనతో దువ్వాలి. తలంటుకు ముందు రాత్రి కొబ్బరినూనె రాస్తే జుట్టులోని మాంసకృత్తి కడుగుకొని పోకుండా ఆపుతుందని 2003లో ఒక పరిశోధన చూపింది. పొద్దుతిరుగుడు నూనెకుగాని, ఖనిజపు నూనెకుగాని ఆ గుణం కనిపించలేదు. బోరు నీళ్లు కఠినంగా ఉండే యిళ్లలో ఆఖరి చెంబు మాత్రం తాగే నీళ్లు పోసుకోవాలి. నిమ్మరసం పూసి ఎండలో కూర్చోవడమనే చిట్కా ఎవరో చెబుతూంటారు. మన నలుపు దానికి లొంగదు, మన ఎండకు నిమ్మరసం తగిలిన చర్మం మాత్రం బొబ్బలెక్కుతుంది.

మెస్సు డబ్బు మరునాడే కట్టించాము. వాళ్లమ్మకు యీ సంగతి చెప్పవద్దని పిల్ల బతిమాలింది. చెప్పలేదు, ఆవిడ యీ పత్రిక చదువుతుంది కాబట్టి యిప్పుడు తెలిసిపోతుంది.

సంక్రాంతికి పిల్ల మళ్లీ వచ్చింది. కుదుళ్ల దగ్గర అంగుళం పైగా నలుపు, కింద బంగారం. మా అత్తగారు ఎండలో కూర్చోబెట్టి పాయలు విడదీసి నూనె రాస్తూ, నలుపూ బంగారమూ కలిసే చోట వేలు పెట్టి మాకు చూపించారు.

"ఇగో, ఇక్కడికెల్లి తింటున్నది," అన్నారు.