సైకిల్ ట్యూబు ముక్క చాలదు, ఊరికొక ప్లంబరు కావాలి
నెల్లూరు సముద్రపు ఒడ్డు ఊళ్ల ప్రజలకు విన్నపం



తుమ్మలపెంట నుంచి మైపాడు మీదుగా కృష్ణపట్నం దాకా మన ఒడ్డు ఊళ్లలో చాలాచోట్ల ఒకటే పరిస్థితి. సైడు కాలవలో మురుగు పారుతుంటుంది, మంచినీళ్ల పైపు అందులోనే పడి ఉంటుంది. కారే జాయింటుకు ఎవరో సైకిల్ ట్యూబు ముక్క చుట్టి తాడుతో బిగించి ఉంటారు. కారడం కాస్త తగ్గగానే పని అయిపోయిందనుకుంటాం. అసలు ప్రమాదం అక్కడే ఉంది.

నీళ్లు వదిలినంతసేపూ పైపులో ఒత్తిడి ఉంటుంది కాబట్టి నీరు బయటికి కారుతుంది. వదలడం ఆపాక పైపు ఖాళీ అవుతుంది. అప్పుడు ఆ సందులోంచే కాలవ నీరు లోపలికి పోతుంది. మర్నాడు కొళాయి తిప్పగానే వచ్చే మొదటి బిందెలో ఉండేది అదే. ఎవరైనా వీధి లైనుకు నేరుగా మోటారు తగిలించారంటే ఆ మురుగును మరింత బలంగా లాగుతున్నట్టే. దాని ఫలితం వాళ్లింటితో ఆగదు, వీధి మొత్తానికీ చేరుతుంది. 2018 మార్చిలో గుంటూరు ఆనందపేటలో తాగునీళ్లలో మురుగు కలిసి అతిసారం ప్రబలింది, ప్రాణాలు పోయాయి. అది నగరం, ఆసుపత్రులు దగ్గర్లోనే ఉన్నాయి. మన పాళేల్లో అర్ధరాత్రి వాంతులు, విరేచనాలు పట్టుకుంటే ఆటో దొరకడమే కష్టం.

పైగా మన నేల వేరు. ఇసుక నేలలో మురుగు తొందరగా ఇంకి పక్కకు పాకుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడే వానలకు భూమిలో నీళ్లు పైకొచ్చి, మరుగుదొడ్డి గుంతలు ఉబ్బుతాయి. గుంతకూ బోరుకూ మధ్య కనీసం పది మీటర్లు ఉండాలని చెబుతారు. మన ఇసుకలో అంతకంటే ఎక్కువ ఉంటేనే నయం. మూడు సెంట్ల స్థలంలో అంత దూరం ఎక్కడిది? అందుకే ఒక ఇంటి గుంత పాడైతే పక్కింటి బోరు కూడా పాడవుతుంది. ఉప్పు నీళ్లకు జి.ఐ. (జింకు పూత ఇనుప) పైపులు లోపలినుంచే తుప్పు పడతాయి. పైకి బాగానే కనిపించే పైపు ఒకరోజు చేతిలోకి పొరలుగా ఊడొస్తుంది. ఒడ్డు ఊళ్లలో కొత్తగా వేసే లైనుకు జి.ఐ. పైపు కొనకండి, ప్లాస్టిక్ పైపే వేయించండి.

ప్రతి చిన్న పనికీ మనిషిని పిలవమని మేం అనడం లేదు. కొళాయి కారుతుంటే మెయిను వాల్వు కట్టి, వాషరు మార్చుకోవచ్చు. మర దగ్గర చెమ్మగా ఉంటే టెఫ్లాన్ టేపు చుట్టుకోవచ్చు. ఫ్లష్ ట్యాంకు లోలోపల కారుతోందని అనుమానమొస్తే అందులో బట్టలకు పెట్టే నీలిమందు నాలుగు చుక్కలు వేసి, అరగంట ఎవరూ వాడకుండా చూడండి. కింద నీలం కనిపిస్తే ట్యాంకులోని రబ్బరు పోయినట్టే. ఇవి ఆడవాళ్లయినా మగవాళ్లయినా ఇంట్లో చేసుకోగలిగిన పనులే. మీ ఇంటి మెయిను వాల్వు ఎక్కడుందో పిల్లలతో సహా అందరికీ తెలిసి ఉండాలి.

మంచినీరూ మురుగూ దగ్గరపడే చోట మాత్రం మీ చెయ్యి పెట్టకండి. కాలవలో మునిగిన జాయింటు కారినా, కొళాయి నీళ్లకు రంగో వాసనో వచ్చినా, పని తెలిసినవాడిని పిలిచి, గ్రామ సచివాలయంలో ఇంజనీరింగ్ అసిస్టెంటుకు కూడా చెప్పండి. అప్పటిదాకా ఆ నీళ్లు తాగొద్దు. మోటారు దగ్గర కొళాయి ముట్టుకుంటే జిల్లుమందంటే ముందు మెయిను స్విచ్చి కట్టేయండి. అది ప్లంబరుతో పాటు ఎలక్ట్రీషియన్ కూడా చూడాల్సిన పని.

సెప్టిక్ ట్యాంకు గురించి గట్టిగానే చెప్పాలి. అది నిండితే కూలి మనిషిని పిలిచి, ఐదొందలు ఎక్కువిచ్చి లోపలికి దింపే అలవాటు ఇంకా పోలేదు. లోపల విషవాయువు ఉంటుంది. కుళ్లిన గుడ్డు వాసన వేస్తుంది, మోతాదు పెరిగితే ఆ వాసన కూడా తెలియకుండా పోతుంది. దిగినవాడు కూలిపోతే, కాపాడదామని దిగిన రెండోవాడు కూడా లేవడు. మనుషులతో మలం ఎత్తించడాన్ని నిషేధించిన 2013 చట్టం ప్రకారం రక్షణ సామగ్రి లేకుండా మనిషిని ట్యాంకులోకి దింపడం నేరం. మొదటిసారికే రెండేళ్ల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా పడవచ్చు. ఇలాంటి చావులకు పరిహారం 30 లక్షలకు తక్కువ కాకూడదని 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఎన్ని లక్షలిచ్చినా ఆ ఇంటి మనిషి తిరిగిరాడు. మురుగు లాగే ట్యాంకరునే పిలవండి. తోడిన మురుగును బకింగ్‌హాం కాలవలో వదలనివ్వకండి.

ప్లంబరును పిలవమంటున్నారు సరే, వాడు ఎక్కడున్నాడని మీరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. నెల్లూరు నుంచో కావలి నుంచో రావాలంటే రానుపోను ఖర్చే పనికంటే ఎక్కువవుతుంది. అందుకే ట్యూబు ముక్కలు కడుతున్నాం. ఇంటింటికీ కొళాయి, మనిషికి రోజుకు 55 లీటర్లు అంటూ 2019లో జల్ జీవన్ మిషన్ మొదలైంది. ఆ కొళాయిలను బాగుచేసే మనిషి ఊళ్లో లేకపోతే పథకం పైపులుగానే మిగులుతుంది. ఆ మిషన్ కిందే ఊరి యువతకు ప్లంబింగు, పంపుల పని నేర్పే నల్ జల్ మిత్ర శిక్షణ ఉంది. డబ్బు లేదనే మాట కూడా పూర్తిగా నిజం కాదు. 15వ ఆర్థిక సంఘం 2021 నుంచి పంచాయతీలకిచ్చిన నిధుల్లో 60 శాతం తాగునీటికీ పారిశుద్ధ్యానికే వాడాలని షరతు పెట్టింది. ఆ పద్దుల లెక్క అడిగే హక్కు మనకుంది.

వచ్చే గ్రామసభకు ఇంటికొకరు రండి. పంచాయతీకి ఇద్దరిని, అందులో ఒక ఆడపిల్లను, శిక్షణకు పంపాలని తీర్మానం చేయించండి. వాళ్లకు నెల జీతం ఇవ్వాలనీ, పనికి ఇంత అని రేటు సచివాలయం గోడ మీద రాయాలనీ, కాలవల్లో పడున్న మంచినీళ్ల పైపులను వానలు మొదలయ్యేలోపు పైకి లేపాలనీ, నాలుగైదు పంచాయతీలకు కలిపి ఒక ట్యాంకరు తేవాలనీ అడగండి. తీర్మానం పుస్తకంలో ఎక్కేదాకా, సర్పంచి సంతకం పడేదాకా సభలోంచి లేవకండి.