భీమిలికి రెండు రోడ్లు

మొన్న కనుమ వెళ్లాక పిల్లలు పట్టుబడితే రుషికొండ తీసుకెళ్లాను. అట్నుంచి బీచ్ రోడ్డు పట్టుకుని భీమిలి దాకా వెళ్లొచ్చాం. మురీ మిక్చర్ తిన్నాం. ఎర్రమట్టి దిబ్బలు చూశాం. బాగుంది, బాగోలేదని ఎందుకంటాను? బండి ఎక్కడా కుదపలేదు.

తిరిగొచ్చేటప్పుడు సబ్బవరం దాటాక నడుం పట్టేసింది. అదీ భీమిలి పేరున్న రోడ్డే. బీఎన్ రోడ్డు అంటే భీమునిపట్నం - నర్సీపట్నం రోడ్డు అని మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు? ఒకే ఊరికి రెండు రోడ్లు. ఒకదాని మీద జనం షికారుకెళ్తారు. రెండోదాని మీద మన చెరకు, మన బెల్లం, మన పాలు వెళ్తాయి.

పోయిన సీజన్లో నా చెరకు ట్రాక్టరు గుంతలో దిగి ఇరుసు విరిగింది. లోడు మార్చేసరికి ఒకటిన్నర రోజు. కొట్టిన చెరకు ఎండలో ఉంటే తూకమూ పోతుంది, లోపల పంచదారా పోతుంది. ఆ నష్టం ఏ లెక్కలోనూ రాయరు. మన జేబులోంచే పోతుంది.

ఇప్పుడు బీచ్ రోడ్డుని ఇంకా వెడల్పు చేసి భోగాపురం విమానాశ్రయం దాకా తీసుకెళ్లాలని ప్రతిపాదన ఉంది. వద్దని నేననను. రెండు మాటలు మాత్రం అడుగుతాను. ఆ సముద్రం ఒడ్డు నిలిచేదేనా? మన తీరంలో ఇసక ఏడాది మొత్తం మీద ఎక్కువగా దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తుంది. హార్బరు గోడలు దాన్ని ఆపేస్తాయి. ఏట్లో అడ్డుకట్ట వేస్తే దిగువకి ఇసక రానట్టే. అందుకే ఆర్కే బీచ్ కోసుకుపోతుంటే డ్రెడ్జర్లతో ఇసక తెచ్చి పోస్తున్నారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ మన చెరకు పడగొట్టిన రోజే ఆ బీచ్ రోడ్డునీ చీల్చింది. ఇక ఎర్రమట్టి దిబ్బలంటే వేల ఏళ్ల మీద గాలీ నీరూ పేర్చినవి. జాతీయ భూవారసత్వ సంపద అని జియలాజికల్ సర్వే వాళ్లే ప్రకటించారు. తవ్వితే మళ్లీ రావు.

రెండో మాట భూమి గురించి. ఆ పక్క పల్లెల్లో ఉన్నదీ మనలాంటి రైతులే. అనకాపల్లి - ఆనందపురం ఆరు లైన్లకి సబ్బవరం వైపు ఎంత భూమి పోయిందో మనం చూశాం. నోటీసు వస్తే పెట్టెలో దాచకండి. జాతీయ రహదారుల చట్టం కింద అయితే అభ్యంతరానికి 21 రోజులే. 2013 భూసేకరణ చట్టం కింద అయితే 60 రోజులు. గడువు దాటాక ఎవరి చుట్టూ తిరిగినా ఏటీ అవ్వదు.

2022 ఏప్రిల్లో జిల్లాలు విడిపోయాక భీమిలి విశాఖలో, మనం అనకాపల్లిలో. బీఎన్ రోడ్డు రెండు జిల్లాల మధ్య అనాథ అవకూడదంటే అడగాల్సింది మనమే. వచ్చే గ్రామసభకి అర్జీ నేను రాసి తెస్తాను. ఎవరి బండి ఎక్కడ దిగబడిందో, ఎంత పోయిందో, తేదీతో సహా కింద రాయండి. గుంతల ఫొటోలుంటే పెట్టండి. వానలు పడకముందు తీసినవైతే మరీ మంచిది, నీళ్లు నిండితే లోతు కనపడదు.