చిన్న సేవ ఆగితే పెద్ద సేవకు చిక్కు
డిజిటల్ గొలుసులో జవాబుదారీతనమే అసలు ప్రశ్న

న్యూఢిల్లీ: 2025 ఏప్రిల్ 12న దేశవ్యాప్తంగా యూపీఐ చెల్లింపులు కొన్ని గంటలపాటు స్తంభించాయి. భారత జాతీయ చెల్లింపుల సంస్థ ఎన్‌పీసీఐ పరిశీలనలో తేలిన కారణం నిపుణులనూ ఆలోచింపజేసింది. పాత లావాదేవీలు పూర్తయ్యాయా లేదా అని ఆరా తీసే అభ్యర్థనలను కొన్ని బ్యాంకులు పదేపదే పంపడంతో వ్యవస్థపై భారం పెరిగింది. డబ్బును బదిలీ చేసే ప్రధాన సేవలో లోపం తలెత్తలేదు. సమాచారం అడిగే ఒక చిన్న సేవ అదుపు తప్పడంతో మొత్తం వ్యవస్థ తడబడింది.

నేటి డిజిటల్ సేవల నిర్మాణమే ఇటువంటిది. వినియోగదారుకు ఒకే మీటగా కనిపించే చెల్లింపు వెనుక యాప్, దానికి అనుసంధానమైన బ్యాంకు, ఎన్‌పీసీఐ, చెల్లించేవారి బ్యాంకు, స్వీకరించేవారి బ్యాంకు వరుసగా స్పందించాలి. 2010లో తొలి ఆధార్ సంఖ్య జారీ కాగా, 2015లో డిజిలాకర్, 2016లో యూపీఐ వచ్చాయి. వీటిని ఇటుకల్లా పేర్చి కొత్త సేవలను నిర్మించడం సులువైంది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025 జనవరిలో 161 సేవలతో ప్రారంభించిన వాట్సాప్ పాలన ‘మన మిత్ర’ కూడా ఈ కోవలోనిదే. పౌరునికి కనిపించేది ఒకే సంభాషణ. దాని వెనుక అనేక శాఖల వ్యవస్థలు పనిచేస్తాయి.

ఈ విధానంతో ఖర్చు, కాలం రెండూ ఆదా అవుతాయి. ప్రతి శాఖా గుర్తింపు, చెల్లింపు, పత్రాల నిల్వ ఏర్పాట్లను మొదటి నుంచి నిర్మించుకోనక్కర లేదు. అయితే బలహీనత కూడా ఇక్కడే ఉంది. ఒకదాని తర్వాత ఒకటి పనిచేయాల్సిన ఐదు సేవలు ఒక్కొక్కటి వందకు 99 సార్లు సక్రమంగా పనిచేసినా, అన్నీ కలిసి సఫలమయ్యేది సుమారు 95 సార్లే. 2025 ఆగస్టులో యూపీఐ లావాదేవీలు 2,000 కోట్లు దాటాయి. ఇంతటి పరిమాణంలో స్వల్ప వైఫల్య శాతం కూడా లక్షల మందిని తాకుతుంది.

అందుకే ఒక భాగం ఆగినా సేవ మరో దారి పట్టగలిగేలా రూపకల్పన ఉండాలి. చిన్న మొత్తాల చెల్లింపు ప్రతిసారీ బ్యాంకు ప్రధాన వ్యవస్థ వరకు వెళ్లనవసరం లేకుండా 2022లో వచ్చిన యూపీఐ లైట్ ఇందుకు ఉదాహరణ. 2025 ఆగస్టు 1 నుంచి బ్యాలెన్స్ విచారణలను ఒక్కో యాప్‌లో రోజుకు 50కి పరిమితం చేయడం, లావాదేవీ స్థితి విచారణలకు హద్దు విధించడం కూడా ఏప్రిల్ అనుభవం నేర్పిన పాఠాలే.

రేషన్ దుకాణంలో పరిస్థితి మరింత సున్నితమైనది. వేలిముద్ర సరిపోలకపోయినా, నెట్‌వర్క్ అందకపోయినా నష్టపోయేది ఆ నెల బియ్యంపై ఆధారపడిన కుటుంబమే. కాయకష్టంతో వేళ్లు అరిగిన కూలీలకు, వృద్ధులకు ఈ ఇబ్బంది ఎక్కువ. ఇటువంటి సందర్భాల్లో లబ్ధిని నిరాకరించరాదని, ప్రత్యామ్నాయ మార్గాల్లో అందించాలని విశిష్ట గుర్తింపు ప్రాధికార సంస్థ 2017 అక్టోబరులోనే స్పష్టం చేసింది. ఆ ప్రత్యామ్నాయం కాగితంపై ఉంటే సరిపోదు. డీలరు చేతిలోని యంత్రంలోనూ, ఆయనకిచ్చిన ఆదేశాల్లోనూ ఉండాలి.

బాధ్యత విషయంలో చెల్లింపుల రంగం ఒక దారి చూపింది. రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరు నిబంధనల ప్రకారం, యూపీఐ బదిలీలో ఖాతా నుంచి తగ్గిన సొమ్ము అవతలి ఖాతాకు చేరకపోతే మరుసటి రోజులోగా తిరిగి జమ కావాలి. ఆలస్యమైతే రోజుకు రూ.100 పరిహారం చెల్లించాలి. లోపం గొలుసులో ఎక్కడుందో ఖాతాదారు నిరూపించనక్కర లేదు.

పౌర సేవలకూ ఇదే సూత్రం వర్తించాలి. శాఖలు ఒకదానిపై మరొకటి నెపం వేసుకునే వీలు లేకుండా, దరఖాస్తు స్వీకరించిన శాఖే తుది ఫలితానికి బాధ్యత వహించాలి. ఏ దశలో ఆగిందో పౌరునికి తెలియజేయాలి. గడువు దాటితే పరిహారం తనంతట అందాలి. సేవల సంఖ్య పెంచుకోవడంలో ప్రభుత్వాలు పోటీపడుతున్న తరుణంలో, ఆగిపోయిన సేవ ఎంతసేపట్లో తిరిగి అందిందన్నది కూడా పనితీరుకు కొలమానం కావాలి.