బెట్టుడుత చెట్టు దిగదు



తిరువూరులో ఏ మామిడితోటకి వెళ్ళినా చారల ఉడుత కనిపిస్తుంది. దానికి తోటైనా ఒకటే, ఇంటి చూరైనా ఒకటే. పాపికొండల అడవిలో ఉండే బెట్టుడుత అలా కాదు. అది నేల మీదికి దిగడం చాలా అరుదు. కొమ్మ మీంచి కొమ్మకి ఇరవై అడుగుల దాకా దూకుతుంది. పళ్ళు, గింజలు, పూలు, బెరడు దాని తిండి. ఎత్తైన చెట్ల మీద పుల్లలు, ఆకులతో ఒకటికి నాలుగు గూళ్ళు కడుతుంది. కొమ్మకి కొమ్మ అందకపోతే దానికి అడవి అక్కడితో అయిపోయినట్టే.

మన పెద్దలు దాన్ని వేటాడి తిన్నారు. దాచాల్సిన పనిలేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఆ వేటని నేరం చేసింది. 2006 అటవీ హక్కుల చట్టం మన సంప్రదాయ హక్కుల్ని గుర్తించింది గానీ, వేటని మాత్రం పక్కన పెట్టింది. సరే, ఒప్పుకుందాం. ఒక్క ఉడుతని కొడితే కేసు. మరి అది బతికే చెట్లన్నీ పోతే? పర్మిషన్ ఉంటే దాని పేరు అభివృద్ధి! పోలవరం ముంపులో కోయ, కొండరెడ్డి ఊళ్ళతో పాటు అడవీ పోతోంది. ఇంకోచోట జామాయిల్ వేసి పచ్చదనం అంటారు. జామాయిల్ తోటలో బెట్టుడుత ఏం తినాలి? వేట ఆగితే ఉడుతలు మళ్ళీ పెరుగుతాయి. పెద్ద చెట్లు పోయాక ఎక్కడ పెరుగుతాయి?

అలాగని మన తప్పు లేదనను. సరదాకి ఉండేలు పట్టి, కొట్టిన జంతువుతో ఫోటో దిగి స్టేటస్ పెట్టే తమ్ముళ్ళున్నారు. అది ఆకలి కాదు, ఆచారమూ కాదు. అడవిని ఆదివాసులే పాడుచేస్తున్నారని చెప్పేవాళ్ళకి ఆ ఒక్క ఫోటో చాలు.

మన చేతిలో ఉన్న ఆయుధం వేరే. అదే చట్టం సెక్షన్ 3(1)(ఐ) సామాజిక అటవీ వనరుని కాపాడుకునే, నిర్వహించుకునే హక్కు మనకిచ్చింది. సెక్షన్ 5 వన్యప్రాణుల్ని కాపాడే అధికారం గ్రామసభకిచ్చింది. తిరువూరులో, విజయవాడలో చదువుకుంటున్న మీరు సెలవులకి ఊరెళ్ళినప్పుడు పెద్దలతో అడవిలో నడవండి. ఏ చెట్టు మీద గూడుందో, ఏ ఇప్పచెట్టు ఎన్ని తరాలదో రాసుకోండి. పెద్దల మాటని వాంగ్మూలంగా రాయించండి, అది చట్టం ఒప్పుకునే సాక్ష్యమే. ఫారం-సి నింపి గ్రామసభలో పెట్టించండి.

ఉడుతాభక్తి అంటే చిన్న సాయమని నవ్వుతారు. నవ్వనివ్వండి. ఊరికొక్క ఫారం-సి చాలు, మాట్లాడేది మనమవుతాం.

జల్, జంగల్, జమీన్!